పదింటి దాకా మన ఇష్టమేనా?

అందరికీ నమస్కారం. చవితి పందిరికి రాటలు పాతేశారు. బాక్సులు రాకముందే ఈ మాట చెప్పాలని కమిటీవారిని టైమ్ అడిగాను.

"రాత్రి పదింటికి ఆపేస్తున్నాం కదా అంకుల్" అంటారు మన కుర్రాళ్లు. నిజమే, ఆపేస్తున్నారు. కానీ పదిలోపు కూడా ఒక హద్దుందని చాలామందికి తెలియదు. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. మైకు పెట్టిన బహిరంగ స్థలం అంచున ఇంకో 10 వరకు ఒప్పుకుంటారు. అంటే మన పందిరి దగ్గర పగలు 65. డెసిబెల్ లెక్కలో 10 పెరిగిందంటే శబ్దశక్తి పదింతలైనట్టు, 20 పెరిగితే వందింతలు. 85కీ 65కీ తేడా ఇరవయ్యే కదా అనుకోకండి.

పర్మిషన్ కాగితం లేకుండా మైకే పెట్టకూడదు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. పండగలకు అర్ధరాత్రి దాకా వెసులుబాటు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం, అదీ ఏడాదికి 15 రోజులు మించకుండా. గుడికైనా మసీదుకైనా చర్చికైనా పెళ్లి ఊరేగింపుకైనా ఇదే రూలు. హైదరాబాద్‌లో అయితే 2024 అక్టోబర్‌లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే పోలీసులు నిషేధించారు.

2005 జూలైలో శబ్ద కాలుష్యంపై సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వెనక ఒక పాప ఉంది. పదమూడేళ్ల పిల్లపై అత్యాచారం జరుగుతుంటే, ఆమె కేకలు చుట్టుపక్కల మోగుతున్న పాటల హోరులో ఎవరికీ వినపడలేదు. ఆ వార్త చదివిన ఒక ఇంజనీరు కోర్టుకెక్కాడు. నాకు ఆ కేసు తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

పోయిన ఏడాది మా అమ్మకు గుండె ఆపరేషన్ అయిన పదో రోజున నిమజ్జనం. డీజే దెబ్బకు కిటికీ అద్దాలు అదిరాయి. అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని పడుకుంది. నేను వెళ్లి అడిగితే తగ్గించారు, పది నిమిషాలకు మళ్లీ పెంచారు. పండగ పూట పోలీసులకు ఫోన్ చేయడానికి నాకు మనసొప్పలేదు. అయినా ఇంట్లో జబ్బుమనిషి ఉన్నవాళ్లు వచ్చి బతిమాలుకోవాల్సిన అవసరం ఎందుకు రావాలి? హద్దు చూసుకోవాల్సింది మైకు పెట్టేవాళ్లు కదా.

పండగ ఘనంగా చేద్దాం. భజనలుండాలి, పిల్లల ఆటపాటలుండాలి. పర్మిషన్ కాగితం పందిట్లో అందరికీ కనపడేలా అంటించండి. బాక్సుల ముఖం ఇళ్లవైపు కాకుండా పందిరి లోపలికి తిప్పండి. మొదటిరోజు సాయంత్రం మైకు పెట్టగానే, సౌండ్ చూసుకునే తమ్ముడు ఒక్కసారి మా అమ్మ గదికి రావాలి. ఆమె మంచం పక్కన ఐదు నిమిషాలు కూర్చుని విని, ఎంతలో ఉంచాలో తనే చెప్పాలి.