రెడ్ అంటే ఆగాలి: మా పాప సాకర్ ప్రాక్టీసు

నమస్తే అండీ. మొన్న వీడియో కాల్‌లో మా అమ్మ, "నాలుగేళ్ల పిల్లకి ఫుట్‌బాల్ ప్రాక్టీసు ఏంటే, ఎక్కడైనా తలకి తగిలితే?" అని ఒకటే టెన్షన్ పడింది. మాటల్లో చెబితే అర్థమయ్యేలా లేదని ఇవాళ ఫోన్ పట్టుకుని గ్రౌండ్‌కి వచ్చేశాను. అమ్మా, ఇది నీ కోసమే.

ముందు తల సంగతి చెప్పేస్తాను. ఇక్కడ అమెరికాలో ఫుట్‌బాల్‌ని సాకర్ అంటారు. పదేళ్ల పిల్లలు, అంతకన్నా చిన్నవాళ్లు బంతిని తలతో కొట్టకూడదని సాకర్ సమాఖ్య 2015లోనే చెప్పేసింది. కాబట్టి ఆ భయం తీసేయ్.

ఇదిగో బంతి. సైజు 3, చుట్టుకొలత 23, 24 అంగుళాలు ఉంటుంది. పెద్దవాళ్లు ఆడేది సైజు 5. మొదట నేను తెలియక అదే కొన్నాను. పాప తంతే బంతి కదిలేది కాదు, కాలు నొప్పి పుట్టేది. ఇది మార్చాక ఏడుపు ఆగింది. ఇంకో సంగతి గమనించండి, ఇక్కడ ప్రతి పిల్లకీ సొంత బంతి ఉంది. ఒక్క బంతి కోసం వరసలో నిలబడటం లేదు. వరసలో నిలబెడితే ఈ వయసు పిల్లలు రెండు నిమిషాల్లో గడ్డి పీకుతూ కూర్చుంటారు.

మొదటి ఆట ట్రాఫిక్ లైట్. కోచ్ 'గ్రీన్' అంటే బంతిని చిన్నగా తన్నుకుంటూ వెళ్లాలి. 'రెడ్' అంటే అరికాలు బంతి మీద పెట్టి ఆపాలి. చూడటానికి ఇంతే. కానీ బంతిని గట్టిగా తన్నిన పిల్లాడు 'రెడ్' అన్నప్పుడు దాని వెనకాల పరిగెత్తాల్సి వస్తుంది. రెండు మూడు సార్లకి వాడికే తెలిసిపోతుంది, బంతి కాలి దగ్గరే ఉండాలని. "మెల్లగా తన్ను" అని కోచ్ ఒక్కసారి కూడా అనలేదు. నాకు ఇక్కడ అన్నిటికన్నా నచ్చింది ఇదే. నేర్పుతున్నట్టు పిల్లలకి తెలియదు, ఆటే నేర్పేస్తుంది.

తర్వాతది సొరచేప ఆట. కోచ్ సొరచేప, పిల్లలంతా చిన్న చేపలు. ఈ గీత నుంచి ఆ గీత దాకా బంతితో దాటాలి, మధ్యలో కోచ్ వచ్చి బంతి లాగేస్తాడు. చాలాచోట్ల బంతి పోయినవాళ్లని అవుట్ అని పక్కన కూర్చోబెడతారు. మా కోచ్ అలా చేయడు. ఎందుకంటే ముందు అవుటయ్యేది ఆట ఇంకా సరిగా రాని పిల్లే కదా. ప్రాక్టీసు ఎక్కువ కావాల్సింది ఎవరికి? ఆ పిల్లకే. అందుకే బంతి పోయినవాళ్లు దాని మీద ఐదుసార్లు కాళ్లు మార్చి మార్చి ఆనించి, మళ్లీ ఆటలోకి వచ్చేస్తారు. మొదటి రోజుల్లో ప్రతిసారీ అలా వచ్చింది మా పాపే.

అన్నట్టు, మోకాలి కింద కట్టే ఈ షిన్ గార్డులు మేజోళ్ల లోపల పెట్టాలి. నేను పైన కట్టి తీసుకొచ్చాను. పక్కన ఉన్న ఒకావిడ ఏమీ అనకుండా కూర్చుని పాప మేజోళ్లు తీసి సరిగ్గా వేసింది. ఈ ఊరొచ్చి ఏడాదిన్నర. ఆఫీసు బయట నన్ను పేరు పెట్టి పిలిచిన మొదటి మనిషి ఆవిడ. ఇప్పుడు ప్రతి వారం ఇద్దరం పక్కపక్కనే కూర్చుంటాం. సరే, ఆట చూద్దాం.

ఇది పిల్లలు విరగబడి నవ్వే ఆట. కోచ్ పరిగెత్తుతుంటే బంతితో వెంటపడి, అది ఆయన మోకాలి కింద తగిలేలా తన్నాలి. తగిలినప్పుడల్లా ఆయన ఒక జంతువులా అరుస్తాడు. కోచ్ ఎటు పోతున్నాడో చూడాలి కాబట్టి పిల్లలు బంతి మీద నుంచి చూపు ఎత్తుతున్నారు. "తలెత్తి చూడు" అని వందసార్లు చెప్పినా రానిది ఇలా వస్తుంది.

చివర పది నిమిషాలు మ్యాచ్. అటు నలుగురు, ఇటు నలుగురు, గోల్‌కీపర్ ఉండరు. ఏడుగురు తేనెటీగల్లా బంతి మీద ముసురుకున్నారు. ఎనిమిదోది మా పాప, దూరంగా నిలబడి ఉంది. కోచ్ గానీ, మేం గానీ పిలవలేదు.

అమ్మా, ఇక్కడ చూడు. ఆ గుంపులోంచి బంతి దొర్లుకుంటూ తన దగ్గరికి వచ్చింది. పెదాలు కదులుతున్నాయి చూడు, "రెడ్" అంటోంది. అరికాలు పెట్టి ఆపింది. ఇప్పుడు "గ్రీన్". వెళ్లిపోతోంది. అటు ఉన్నది మన గోలే, వాళ్ల గోలు కాదులే, అది వదిలెయ్. బంతి కాలి దగ్గరే ఉంది చూడు.