గూడును నమ్ముకుని బతికే ఫ్లీలు

అందరికీ నమస్కారం.

ఫ్లీ అంటే జంతువుల రక్తం తాగే, రెక్కల్లేని చిన్న పురుగు. ఆ పేరు వినగానే కుక్కో పిల్లో, లేకపోతే ప్లేగో గుర్తొస్తుంది. ఈ రోజు నేను మాట్లాడేది వేరే ఫ్లీల గురించి. చుంచెలుకల జాతులు, ఎలుకల్లాంటి వోల్‌లు, నేలలో సొరంగాలు తవ్వే మోల్‌లు లాంటి చిన్న క్షీరదాల రక్తం తాగి బతికే హిస్ట్రికోప్సిల్లిడే అనే కుటుంబం ఇది. దీని హద్దుల మీద శాస్త్రవేత్తల మధ్య ఇంకా వాదన ఉంది. ఒకప్పుడు ఇందులోనే ఉన్న చాలా జాతులను తర్వాత టెనోఫ్తాల్మిడే అనే మరో కుటుంబంలోకి మార్చారు. ఆ వాదన పక్కన పెట్టి, ఈ పురుగు ఎలా బతుకుతుందో చూద్దాం.

మోల్ మీద ఉండే హిస్ట్రికోప్సిల్లా టాల్పే అనే జాతికి 1826లో బ్రిటిష్ కీటక శాస్త్రవేత్త జాన్ కర్టిస్ పేరు పెట్టారు. మామూలు ఫ్లీ రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటే, ఇది ఐదారు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఒళ్ళు రెండు పక్కల నుంచీ నొక్కినట్టు సన్నగా ఉంటుంది కాబట్టి దట్టమైన బొచ్చులో ఇట్టే దూరిపోతుంది. తల దగ్గర, మెడ వెనక, పొట్ట మీద కూడా దువ్వెన పళ్ళలాంటి ముళ్ళ వరసలు ఉంటాయి. జంతువు గోక్కున్నా ఒళ్ళు దులుపుకున్నా, ఆ ముళ్ళు వెంట్రుకలకు పట్టుకోవడం వల్ల పురుగు సులువుగా ఊడి రాదని చాలామంది అంటారు. కళ్ళు మాత్రం బాగా క్షీణించాయి. చీకటి సొరంగంలో వాటితో పెద్దగా పనిలేదు.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది గూడు. ఈ ఫ్లీ జంతువు ఒంటి మీద గడిపే సమయం తక్కువ. రక్తం తాగడానికి ఎక్కుతుంది, మిగతా కాలమంతా గూట్లోని ఎండు ఆకుల్లో, గడ్డిలో ఉంటుంది. గుడ్లు ఒంటికి అంటుకోవు, గూట్లోనే పడతాయి. వాటి నుంచి వచ్చే లార్వాలకు కాళ్ళూ ఉండవు, కళ్ళూ ఉండవు. రాలిన చర్మపు పొట్టు, చెత్త, పెద్ద ఫ్లీలు విసర్జించిన ఎండిన రక్తం వాటి తిండి. అంటే తల్లి తాగిన రక్తంలో ఒక వాటా పిల్లలకు కూడా చేరుతుందన్నమాట! తర్వాత లార్వా పట్టుదారంతో చిన్న కాయ అల్లుకుంటుంది. దానికి మట్టి రేణువులు అంటుకోవడంతో అది కంటికి ఆనదు. చాలా ఫ్లీ జాతుల్లో, లోపల ఎదిగిన పురుగు వెంటనే బయటికి రాదు. అదురో వెచ్చదనమో తగిలితే, జంతువు వచ్చిందని గ్రహించి అప్పుడు బయటపడుతుంది.

అందుకే క్షీరదాలను పరిశీలించే వాళ్ళు బోనులో పడ్డ జంతువును దువ్వి, దొరికిన ఫ్లీలను లెక్కపెట్టి ఊరుకుంటే సరిపోదని గట్టిగా అంటాను. గూడును జల్లెడ పట్టకపోతే ఈ కుటుంబం దాదాపు కనిపించకుండానే పోతుంది. అడవి ఎలుకల్లో, నేల ఉడుతల్లో ప్లేగు క్రిమి ఏళ్ళ తరబడి ఎలా నిలిచి ఉంటుందో తెలుసుకోవాలన్నా గూటి ఫ్లీల లెక్క కావాలి. 1898లో కరాచీలో ఫ్రెంచ్ వైద్యుడు పాల్ లూయీ సిమోండ్ ప్లేగును ఎలుకల ఫ్లీతో ముడిపెట్టారు. అది వేరే కుటుంబానికి చెందిన ఫ్లీ. ఆ తర్వాత అందరి దృష్టీ దాని మీదే నిలిచిపోయింది.

ఈ కుటుంబంలోనే ప్రపంచంలోకెల్లా పెద్ద ఫ్లీ ఉంది. పేరు హిస్ట్రికోప్సిల్లా షెఫరి. ఆడది ఎనిమిది మిల్లీమీటర్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా ఉంటుంది. ఉత్తర అమెరికా పశ్చిమ తీరపు తడి అడవుల్లో బొరియలు తవ్వుకుని ఉండే మౌంటెన్ బీవర్ అనే ఎలుకల వర్గపు జంతువు దీనికి ఆశ్రయం. పేరుకు బీవరే గానీ, అసలు బీవర్లతో దానికి దగ్గరి చుట్టరికం లేదు. తన కుటుంబంలో ఇప్పటికీ మిగిలిన జాతి అదొక్కటే. దాని అడవి పోతే దాని బొరియలు పోతాయి, బొరియలు పోతే ఈ ఫ్లీ కూడా పోతుంది. జంతువుల రక్షణ గురించి రాసే జాబితాల్లో ఇలాంటి పరాన్నజీవుల పేర్లు కూడా చేర్చాలని నా కోరిక.