డాక్‌యార్డ్ వడ్రంగి జిమ్మీ పీటర్స్

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, కప్పు గెలిచిన జట్టుకు, ఓడిపోయినా ఎండలో ఇంకా కూర్చునే ఉన్న జట్లకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మర్యాద. కానీ పిల్లలు బహుమతుల బల్ల చుట్టూ కాచుకుని ఉన్నారు, నాకిచ్చింది పావుగంట. అందుకని విషయంలోకి వచ్చేస్తాను.

మీలో ఎక్కువమంది హార్బర్‌లో, షిప్‌యార్డులో పనిచేసేవాళ్లు. అందుకే మీలాంటి ఒక డాక్‌యార్డ్ కార్మికుడి సంగతి చెబుదామని వచ్చాను. ఆయన పేరు జేమ్స్ పీటర్స్, జిమ్మీ అని పిలిచేవారు. ఇంగ్లాండ్‌లో ప్లిమత్ పక్కన డెవన్‌పోర్ట్ డాక్‌యార్డులో వడ్రంగి. ఇంగ్లాండ్ రగ్బీ జట్టుకు ఆడిన మొదటి నల్లజాతి మనిషి. రగ్బీలో రెండు రకాలూ ఆడిన తొలితరంవాడు.

రెండు రకాలేమిటంటారా? రగ్బీ మొదట్లో ఒకటే ఆట. ఉత్తర ఇంగ్లాండ్‌లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు కూడా ఆడేవారు. మ్యాచ్‌కి వెళ్తే ఆ పూట కూలి పోయేది. పోయిన కూలి మేం ఇస్తామని అక్కడి క్లబ్బులు అడిగితే, ఆటను నడిపే సంఘం రగ్బీ యూనియన్ పెద్దలు ససేమిరా అన్నారు. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లో జార్జ్ హోటల్లో సమావేశమై ఉత్తరాది క్లబ్బులు విడిపోయాయి. మొదట్లో వాళ్లు ఒప్పుకున్నది ఎంతో తెలుసా? రోజుకు ఆరు షిల్లింగులు. జీతం కూడా కాదు, మనం లాస్ ఆఫ్ పే అంటామే, అది పూడ్చడానికి. ఆ తరవాత వాళ్ల ఆటే మారిపోయింది. 1906కల్లా జట్టుకు 15 మంది పోయి 13 మంది అయ్యారు. అదే ఇవాళ్టి రగ్బీ లీగ్. అటు వెళ్లి ఆడినవాడికి ఇటు యూనియన్‌లో మళ్లీ చోటుండేది కాదు.

ఇక పీటర్స్. 1879లో సాల్ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి జమైకా నుంచి వచ్చినవాడు, సర్కస్ జంతువుల దగ్గర పని. ఒకరోజు బోనులో సింహాలు ఆయన మీద పడి చంపేశాయి. తల్లికి పిల్లాడిని పెంచే దారి లేక ఇంకో సర్కస్‌కి ఇచ్చేసింది. అక్కడ జీను లేని గుర్రాల మీద స్వారీ చేసేవాడు. పదకొండేళ్లప్పుడు చెయ్యి విరిగింది. చెయ్యి విరిగిన పిల్లాడితో సర్కస్‌కి ఏం పని? వదిలేసి వెళ్లిపోయారు. ఇది కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

లండన్‌లో అనాథాశ్రమాలు చేరదీశాయి. అక్కడే పని నేర్చుకున్నాడు, ఆటా నేర్చుకున్నాడు. పని వెతుక్కుంటూ బ్రిస్టల్ వెళ్లి ఆ క్లబ్బుకి ఆడాడు. ఒక తెల్లవాడికి రావలసిన చోటు వీడికిచ్చారని అక్కడ పేపర్లో రాశారు. ప్లిమత్ వచ్చాక ఫ్లై హాఫ్‌గా స్థిరపడ్డాడు. రెండు జట్లవాళ్లూ తలలు వంచి బంతి కోసం ఒకరినొకరు తోసుకునే గుంపుని స్క్రమ్ అంటారు, అందులోంచి బంతి బయటికి రాగానే దాన్ని అందుకుని, పరిగెత్తాలా, తన్నాలా, పక్కవాడికి ఇవ్వాలా అని రెప్పపాటులో తేల్చుకోవలసిన చోటు అది. 1906 మార్చిలో ఎడిన్‌బరోలో స్కాట్లాండ్ మీద ఇంగ్లాండ్‌కి ఆడాడు, గెలిచారు. అయిదు రోజులకే పారిస్‌లో ఫ్రాన్స్ మీద ఆడి ట్రై కూడా కొట్టాడు, అంటే ఎదుటి జట్టు గీత దాటి బంతిని నేలకు ఆనించాడు.

అదే ఏడాది అక్టోబరులో దక్షిణాఫ్రికా జట్టు వచ్చింది. పీటర్స్ ఆడే డెవన్ కౌంటీ జట్టుతో మ్యాచ్. ఎదురుగా నల్లవాడు ఉన్నాడని వాళ్లు ఆడమని మొరాయించారు. మైదానం నిండా జనం. మ్యాచ్ ఆగిపోతే ఆ జనం ఊరుకోరని దక్షిణాఫ్రికా తరఫు అధికారి ఒకరు వెళ్లి నచ్చజెబితే అప్పుడు దిగారు. చూశారా, పీటర్స్ ఆ రోజు ఆడగలిగింది జనం ఉండబట్టి! డిసెంబరులో అదే దక్షిణాఫ్రికాతో ఇంగ్లాండ్ మ్యాచ్ వచ్చేసరికి జట్టులో ఆయన పేరు లేదు. తరవాత ఐర్లండ్‌తో, మళ్లీ స్కాట్లాండ్‌తో, 1908లో వేల్స్‌తో ఆడించారు. మొత్తం అయిదు మ్యాచ్‌లు, అంతే. మన దళిత క్రికెట్ బౌలర్ బాలూ పల్వంకర్ 1911లో ఇంగ్లాండ్ వెళ్లి నూటికి పైగా వికెట్లు తీసినా హిందూ జట్టుకి కెప్టెన్ కాలేదు. ఆ కాలమే అలాంటిది అని సరిపెట్టుకోకండి. ఇంగ్లాండ్ యూనియన్ జట్టులోకి మరో నల్లజాతి ఆటగాడు, క్రిస్ ఓటి, వచ్చింది 1988లో.

1910లో డాక్‌యార్డులో ప్రమాదం జరిగి పీటర్స్ మూడు వేళ్లు పోయాయి. వడ్రంగికి వేళ్లు పోవడమంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. రగ్బీ బంతి కోడిగుడ్డులా కోలగా ఉంటుంది, తడిస్తే జారిపోతుంది, రెండు చేతుల్తో పట్టి వెనక్కో పక్కకో విసరాలి. మిగిలిన వేళ్లతో ఆయన ఇంకో రెండేళ్లు ఆడాడు. అంతా అయ్యాక, 1912లో, డెవన్ ఆటగాళ్లు డబ్బు ముట్టుకున్నారని యూనియన్ వేటు వేస్తే అందులో పీటర్స్ పేరూ ఉంది.

ఇక్కడ ఆయన లీగ్ ఆట గురించి వివరంగా చెప్పాలనుకున్నాను. బారోకి, తరవాత సెయింట్ హెలెన్స్‌కి ఆడాడు, 34 ఏళ్ల వయసులో కొత్త రూల్స్ నేర్చుకున్నాడు, 1914లో మానేశాడు. దాన్ని ఇక్కడితో ఆపుతాను. ఎందుకంటే పొద్దున ఈ కోర్టు పక్కన ఒక కుర్రాడు మోకాలికి ఐస్ పెట్టుకుని కూర్చోవడం చూశాను. "ఏం నాయనా, డాక్టర్ దగ్గరికి వెళ్లవా?" అంటే, "రేపు షిఫ్టుకి వెళ్లాలండి, కాంట్రాక్ట్ వాణ్ణి" అన్నాడు.

మా రోజుల్లో మా కబడ్డీ జట్టులో ఒక రైడర్ ఉండేవాడు. మేం పనిచేసిన కంపెనీ జెర్సీ వేసుకుని ఆడుతుండగానే వాడి మోకాలు పోయింది. కప్పు కంపెనీ అద్దాల బీరువాలోకి వెళ్లింది. వాడికి మాత్రం మూణ్ణెల్లు లాస్ ఆఫ్ పే పడింది. మేం తలా కొంత వేసుకుని ఇంటికి బియ్యం పంపాం. చెయ్యి విరిగిన పిల్లాణ్ణి వదిలేసిన సర్కస్ గుర్తుందా? దీనికీ దానికీ తేడా ఏమిటో మీరే చెప్పండి!

పర్మనెంట్ ఉద్యోగికి ఆటలకు స్పెషల్ క్యాజువల్ లీవ్ ఇస్తున్నారు, సంతోషం. పక్కనే ఆడే కాంట్రాక్ట్ కుర్రాడికి ఆ రోజు కూలి ఎవరిస్తున్నారు? రగ్బీ యూనియన్ ఆటకు డబ్బు తీసుకోవచ్చని ఒప్పుకోవడానికి 1995 దాకా పట్టింది, సరిగ్గా వందేళ్లు. మనకు అంత టైమ్ లేదు, ఆ కుర్రాడి షిఫ్టు రేపు పొద్దున ఆరింటికి.

అధ్యక్షా, వచ్చే ఏడాది టోర్నమెంట్ రూల్స్‌లో రెండు మాటలు చేర్చండి. ఆడిన రోజుకు కాంట్రాక్ట్ కార్మికుడికి పూర్తి కూలి. ఆటలో దెబ్బ తగిలితే మందులు, తిరిగి పనికొచ్చేదాకా కూలి. బహుమతులు ఇవ్వడానికి ముందే, ఇదే మైకులో, అవునో కాదో చెప్పమని అడుగుతున్నాను. ఈ మాట న్యాయమే అనుకునేవాళ్లు ఒక్కసారి చేతులెత్తండి, అధ్యక్షులవారు చూస్తారు.