ఆరోగ్య రొట్టె
(నెల్లూరులో ఒక తొలి కవితా సంపుటి ఆవిష్కరణ సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకూ, కవయిత్రి ఇంటివాళ్లకూ నమస్కారం.

నెల్లూరులో కవిత్వం సభ అంటే మొదటి పది నిమిషాలు తిక్కనగారివి. అది మన ఆనవాయితీ. విరాటపర్వం మొదలుకొని 15 పర్వాలు తెలుగు చేసినాయన మనూరివాడంటే ఎవరికి గొప్పగా ఉండదు? ఈ పుస్తకంలో మాత్రం ఆయన పేరు ఒక్కచోట కూడా లేదు. నాకు హాయిగా అనిపించింది. పేరు వాడుకోలేదు గానీ, ఆయన మాటల పొదుపు ఈ అమ్మాయికి కాస్త అబ్బింది.

వాళ్ల నాయన మీద రాసిన కవితలు చూడండి. 'నాన్న' అని ఎక్కడా లేదు, నాయనే. మన ఇళ్లలో పిలుపు అదే కదా. ఒక కవితలో కల్లంలో మొలగొలుకుల వడ్లు ఎండబోసి ఉంటాయి. నాయన ఒక గింజ తీసి పంటి కింద పెట్టుకుంటాడు. మెత్తగా నలిగితే ఇంకో ఎండ కావాలి. టక్కుమంటే బస్తాలకెత్తొచ్చు. తేమ చూసే మిషన్ వచ్చాక కూడా ఆయన తన పన్నునే నమ్ముకున్నాడు. ఆయన పోయిన ఏడాది, అదే కల్లంలో కూతురు గింజ కొరుకుతుంది.

"టక్కుమంది.
ఎవరికి చెప్పాలి?"

కవిత అయిపోయింది. కన్నీళ్లనే మాటే లేదు.

ప్రేమ కవితలతో నాకు పేచీ ఉంది. వెన్నెల, వాన, కిటికీ! ఆ అబ్బాయి ఏ ఊరివాడో, అన్నంలో ఏం కలుపుకుంటాడో కూడా తెలియదు. మైపాడు ఒడ్డున చెప్పుల ఇసుక దులుపుకునే కవిత ఒక్కటి తప్ప, మిగతావి ఎవరైనా రాస్తారు. కోపం తెచ్చుకోకమ్మా, రెండో పుస్తకానికి పనికొస్తుందని చెప్తున్నా.

ఇక రొట్టె కవిత. పైఊళ్ల వాళ్ల కోసం ఒక మాట. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు. తీరినవాళ్లు మరుసటేడు వచ్చి రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె, ఏది కావాలంటే అది. హిందువులూ ముస్లింలూ అందరూ ఆ నీళ్లలోనే నిలబడతారు.

ఈ కవితలో అమ్మ, మంచం పట్టిన నాయన కోసం ఆరోగ్య రొట్టె తీసుకుంది. ఉగాదికి ముందే ఆయన పోయాడు. మళ్లీ మొహర్రం వచ్చింది. తెల్లారుజామున అమ్మ పిండి కలుపుతోంది. ఎందుకని కూతురు అడగలేకపోయింది. చెరువులో ఎవరో ఆడమనిషి కొంగు పట్టి, "కోరిక తీరిందా అక్కా?" అని అడుగుతుంది. అమ్మ రొట్టె చేతిలో పెట్టి "తీరింది" అంటుంది.

ఆరు నెలల కింద నాకిచ్చిన జెరాక్స్ కాగితాల్లో దీని కింద ఇంకో పాదం ఉంది: "అమ్మ అబద్ధమాడటం అదే మొదలు." నాకు తెగ నచ్చి, పక్కన టిక్కు కూడా పెట్టాను. పుస్తకంలో చూస్తే ఆ పాదం లేదు. మొదట ఉసూరుమన్నాను. రెండు రోజులు పోయాక మళ్లీ చదివితే, అమ్మ చెప్పింది అబద్ధమేనా అని నాకే అనుమానం వచ్చింది. చివరి నెలల్లో ఆ మనిషి పడ్డ బాధ ఆమే కదా దగ్గరుండి చూసింది. అమ్మాయి కొట్టేసిందే సరి, నా టిక్కే తప్పు.

ఆ కవిత నేను చదవను. రామ్మా, నువ్వే చదువు. అబ్బయ్యా, ఆ మైకు కొంచెం కిందికి దించు.