తెలివిలో లేని పేషెంటుకి సెంట్రల్ లైన్ ఎక్కడ వేద్దాం?

అందరికీ నమస్కారం. పీజీలే ఎక్కువమంది కనపడుతున్నారు కాబట్టి స్లైడ్లు పక్కన పెట్టేద్దాం. సెంట్రల్ లైన్, అంటే మెడ, కాలర్‌బోన్ కింద, లేదా తొడ దగ్గరి పెద్ద సిరలోకి వేసే గొట్టం, ఎక్కడ వేయాలన్నదే ఈరోజు మాట.

నేను పీజీ రెండో ఏడాదిలో ఉండగా ఒక రాత్రి బైక్ యాక్సిడెంట్ కుర్రాడొచ్చాడు, హెల్మెట్ లేదు, జీసీఎస్ (తెలివి ఎంత ఉందో చెప్పే స్కోరు, 15కి) 6, ఊపిరికి గొంతులో ట్యూబ్ వేసేశారు, మెడకి కాలర్. నాకేమో కుడి జుగులార్, అంటే మెడ సిర, బాగా చేయి తిరిగింది, ఇంకేం ఆలోచించకుండా కాలర్ ముందు భాగం తీయించి, సిర ఉబ్బాలని మంచం తలవైపు కిందికి దించి, మొహం మీద డ్రేప్ కప్పేశా. రెండుసార్లు గుచ్చా, రాలేదు. ఈలోగా మానిటర్ బీప్ నెమ్మదిస్తోంది, 90లో ఉన్న పల్స్ 52కి వచ్చేసింది, బీపీ 190, అంటే తలలో ప్రెషర్ పెరిగిపోతోంది. నేనింకా సూది వైపే చూస్తున్నా. పక్కనున్న సిస్టర్ "సార్, ముందు తల ఎత్తండి" అని తనే మంచం లేపేసింది. మెదడు వాపు తగ్గించే మ్యానిటాల్ పెట్టాం, కాసేపటికి సర్దుకున్నాడు, లైన్ తొడ దగ్గర వేశాం.

తెలివున్న మనిషైతే తల బద్దలవుతోంది డాక్టర్ అని అరిచేవాడు. వీళ్ళు అరవరు, సూది నెర్వ్‌కి తగిలినా చెప్పరు, ఊపిరి బిగబట్టమంటే బిగబట్టరు. అందుకే మీ చేతికి ఏది అలవాటో కాదు, ఆ పొజిషన్ పేషెంటు తట్టుకుంటాడా అన్నది ముందు చూడండి.

తల దెబ్బ, మెదడు వాపు ఉంటే తల 30 డిగ్రీలు ఎత్తులోనే ఉంచి తొడ దగ్గర వేసేయొచ్చు, రక్తం కారినా నొక్కిపెట్టొచ్చు. కానీ అక్కడ డైపర్ ఉంటుంది, మోషన్ అవుతుంది, క్లాట్ భయం కూడా ఉంది. హడావుడిలో శుభ్రత సరిగ్గా కుదరకుండా వేసిన లైనైతే 48 గంటల్లోపే మార్చేయండి. ఫ్రాన్స్‌లో మూడు సైట్లనీ పోల్చి చేసిన ట్రయల్ 2015లో వచ్చింది, 3 వేలకి పైగా పేషెంట్లు, ఇన్ఫెక్షన్, క్లాట్ అన్నిటికన్నా తక్కువ సబ్‌క్లేవియన్‌లోనే, అంటే కాలర్‌బోన్ కింది సిరలోనే. అయితే చెస్ట్ ట్యూబ్ వేయాల్సినంత న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది కూలడం) సబ్‌క్లేవియన్‌లో 1.5 శాతం, జుగులార్‌లో 0.5. మెదడు వాచిన వాడికి ఊపిరితిత్తి కూలితే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, దాంతో తలలో ప్రెషర్ ఇంకా పెరుగుతుంది, అది మర్చిపోకండి. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు బాగా తక్కువుంటే సబ్‌క్లేవియన్ జోలికే వెళ్ళొద్దు, అక్కడ నొక్కడానికి కుదరదు.

జుగులార్ పూర్తిగా మానేయమని కాదు, అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే సిర చాలాసార్లు తల దించకుండానే కనపడుతుంది. ట్రెకియాస్టమీ, అంటే ఊపిరికి మెడలో పెట్టిన రంధ్రం, ఉంటే మాత్రం ఆ కఫమంతా డ్రెస్సింగ్ మీదే.

పురుగుమందు తాగినవాళ్ళ సంగతి వేరు. విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ ఎక్కాక ఒకటే పీకులాట, చేతులు కట్టినా మెడ తిప్పి తిప్పి జుగులార్ డ్రెస్సింగ్ ఊడగొడతారు. వాళ్ళకి నేనైతే సబ్‌క్లేవియన్‌కే ఓటేస్తా. అసలు లైన్ అవసరమా అనేది కూడా అడగండి, బీపీ పెంచే నోరాడ్రినలిన్ కొన్ని గంటలపాటు మోచేతి దగ్గరి మంచి పెద్ద క్యానులాలో నడపొచ్చు, కాకపోతే మందు బయటికి కారుతోందేమోనని సిస్టర్లు ఆ చెయ్యి మీద ఓ కన్నేసి ఉంచాలి.

లైన్ తీసేటప్పుడు కూడా అంతే జాగ్రత్త, గాలి సిరలోకి దూరకూడదు. తనంతట తను ఊపిరి తీసుకుంటున్న పేషెంటైతే కాసేపు ఫ్లాట్‌గా పడుకోబెట్టి, ఛాతీ కిందికి దిగుతుండగా లాగి, వెంటనే గాలి దూరని డ్రెస్సింగ్ వేసి, మళ్ళీ తల ఎత్తేయండి. ఇక ప్రశ్నలుంటే అడగండి.