నవ్వించే పాటకీ ఓ కుర్చీ వెయ్యండి

అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఆ వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పిల్లలూ, ముందు వరసలో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మొహమాటపడకుండా వచ్చి కూర్చోండి. ఇవాళ నేను చెప్పేది ఎక్కువగా మీకోసమే.

నన్ను పిలిచినవాళ్లు 'సూపర్‌హీరో సినిమాల్లో నేపథ్య సంగీతం' అని విషయం ఇచ్చి, ఇరవై నిమిషాలు టైమిచ్చారు. శ్రద్ధగా రాసుకొచ్చాను కూడా. అందుకని ముందు సంగీతంతోనే మొదలుపెడతాను.

1978లో సూపర్‌మ్యాన్ సినిమాకి జాన్ విలియమ్స్ కట్టిన బాణీ విన్నారు కదా. ఇత్తడి వాద్యాలు ఒక్కసారిగా లేచే చోట ఆ పేరునే పలుకుతున్నట్టుంటుంది. తెర మీద మనిషి ఇంకా కనబడనే లేదు, మన వెన్ను మాత్రం అప్పటికే నిటారుగా లేస్తుంది. మనిషి ఎగరగలడని ముందుగా నమ్మించింది ఆ బూరాలే. తాళ్లు, తెరలు, కెమెరా పనితనం అన్నీ వాటి తర్వాతే వచ్చాయి.

తర్వాత 1989లో బ్యాట్‌మ్యాన్. సంగీతం డానీ ఎల్ఫ్‌మన్. చీకటి, గబ్బిలాలు, గుండెల్లో దిగులు, అన్నీ ఆ వాద్యబృందంలో వినిపిస్తాయి. ఈ బాణీ గురించి మాట్లాడేవాళ్లందరూ ఇక్కడ ఆగిపోతారు. నేను ఆగను. అంత చీకటిని సృష్టించిన ఆ మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడు? 1972లో వాళ్ల అన్నయ్య రిచర్డ్ ఎల్ఫ్‌మన్ పెట్టిన హాస్య సంగీత నాటక బృందంలోంచి వచ్చాడు. మొహాలకి రంగులు పూసుకుని, వింత వింత వేషాలు కట్టి, జనాన్ని నవ్విస్తూ పాడే బృందం అది. కొన్నాళ్లకి అదే ఆయింగో బోయింగో అనే రాక్ బ్యాండ్ అయింది. ఎల్ఫ్‌మన్‌కి సినిమా సంగీతంలో పెద్ద పేరు తెచ్చింది 1985లో ఓ కామెడీ సినిమా. ఆ తర్వాతే బ్యాట్‌మ్యాన్. 2002లో స్పైడర్‌మ్యాన్ కూడా ఆయనే. అంటే మనం కన్నార్పకుండా చూసిన ఇద్దరు హీరోలకి ఊపిరి పోసిన చెయ్యి నవ్వించే పాటలు పాడుతూ పెరిగిన చెయ్యి. ఇది ఎవరూ చెప్పరేం?

ఇక్కడితో నా కాగితం పక్కన పెడుతున్నాను. నిర్వాహకులు మన్నించాలి. నాకు ఇవాళ నవ్వించే పాట గురించే మాట్లాడాలనుంది. సూపర్‌హీరో దగ్గరికి మళ్లీ మళ్లీ వస్తాను, ఎందుకంటే ఆ రెండూ ఒక తల్లి బిడ్డలని నా నమ్మకం.

ఆధారం చూపిస్తాను. కెప్టెన్ అమెరికా మొదటి కామిక్ పుస్తకం అట్ట మీద ఉన్న తారీఖు 1941 మార్చి. గీసి రాసింది జో సైమన్, జాక్ కర్బీ. ఆ అట్ట మీద కెప్టెన్ హిట్లర్ దవడ మీద గుద్దుతుంటాడు. అమెరికా అప్పటికింకా యుద్ధంలోకి దిగనే లేదు. ఆ మరుసటి ఏడు, 1942లో, నవ్వించే పాటలకి పేరుపడ్డ స్పైక్ జోన్స్ బృందం ఒక పాట రికార్డు చేసింది. హిట్లర్ని పొగుడుతున్నట్టే సాగుతుంది. పొగడ్త పొగడ్తకీ మధ్య, నాలుక బయటపెట్టి బుర్రుమనిపిస్తామే, ఆ చప్పుడు. డిస్నీ వాళ్ల డొనాల్డ్ డక్ కార్టూన్ కోసం పుట్టిన పాట అది. ఆ కార్టూన్‌కి ఆస్కార్ వచ్చింది. ఒకరు పిడికిలితో కొట్టారు, ఒకరు బుర్రుమనిపించి కొట్టారు. గురి మాత్రం ఒకటే.

మళ్లీ 2011కి రండి. కెప్టెన్ అమెరికా మొదటి సినిమాలో ఒక పాట ఉంది. బాణీ ఆలన్ మెంకెన్, మాటలు డేవిడ్ జిప్పెల్. కెప్టెన్ అమెరికాగా మారిన స్టీవ్ రోజర్స్‌కి అంత బలం వచ్చినా యుద్ధానికి పంపరు, యుద్ధ ఖర్చులకి బాండ్లు అమ్మడానికి స్టేజీ ఎక్కిస్తారు. వెనక అమ్మాయిలు కాళ్లెత్తి డాన్సు చేస్తుంటారు. ఇతను డాలు వెనక అతికించుకున్న డైలాగులు చూసి చదువుతాడు, హిట్లర్ వేషగాణ్ణి గుద్దుతాడు. పాట ఉషారుగా ఉంటుంది. చూస్తూ నవ్వుతూనే ఉంటాం. ఆ నవ్వులోనే అతని అవమానం మనకి గుచ్చుకుంటుంది. తర్వాత నిజమైన సైనికుల ముందు అదే ఆట ఆడబోతే వాళ్లు గేలి చేస్తారు. ఆ పాట తీసేసి చూడండి. అతను ఒంటరిగా శత్రువుల మధ్యకి ఎందుకు దూకాడో సగమే అర్థమవుతుంది. రెండు గంటల సినిమాలో ఆ మనిషి గుండె తెరిచి చూపించింది ఆ మూడు నిమిషాల హాస్యగీతమే.

ఇప్పుడు మా అన్నయ్య సంగతి చెప్పాలి. అన్నయ్య ఇక్కడే ఉన్నాడు, మూడో వరసలో.

2002లో స్పైడర్‌మ్యాన్ వచ్చినప్పుడు అన్నయ్య కాలు విరిగి మంచంలో ఉన్నాడు. తొడ నుంచి పాదం దాకా సిమెంటు కట్టు. ఆ సినిమా కోసం రోజులు లెక్కపెట్టుకున్నది అన్నయ్య, వెళ్లి చూసొచ్చింది నేను. ఇంట్లో అడుగుపెట్టగానే "మొదట్నుంచీ చెప్పు" అన్నాడు. చెప్పడం మొదలుపెట్టాను. "ఆగు, అంతకుముందే ఇంకోటి జరిగింది" అని వెనక్కి వెళ్లడం, మళ్లీ ముందుకి దూకడం. కాసేపు ఓపిక పట్టి, "ఇలా కాదు గానీ పాట కట్టి చెప్పవే, వరస తప్పదు" అన్నాడు. మాకు బాగా వచ్చిన బాణీ అంటే జోలపాట ఒక్కటే. ఖండగతి, తక తకిట. ఆ గతిలో మొదటి రెండు పాదాలు అక్కడికక్కడే వచ్చాయి.

సాలీడు కుట్టింది, ఒళ్లంత వణికింది
తెల్లారి లేచాక కళ్జోడు వదిలింది

అన్నయ్య వేలి కణుపులతో కట్టు మీద తాళం వేశాడు. లోపల బోలుగా ఉన్న చోట ఒక మోత, ఎముక దగ్గర ఇంకో మోత. మృదంగం ఎడమా కుడీ వాయించినట్టే ఉండేది. మూడు రోజుల్లో పదహారు చరణాలయ్యాయి. కట్టు తీశాక అన్నయ్య సినిమాకి వెళ్లాడు, పక్కన నేను. వానలో తలకిందులుగా వేలాడే ఆ ముద్దు సీను రాగానే, హాలంతా ఈలలు వేస్తుంటే, నా చెవిలో "మన పదకొండో చరణం" అన్నాడు. ఒక్క సీను కూడా అతనికి కొత్తగా లేదు, అయినా అన్నీ మొదటిసారే చూస్తున్నట్టు చూశాడు.

మరుసటి ఏడు, 2003లో, అమెరికా పేరడీ గాయకుడు వియర్డ్ ఆల్ యాంకోవిక్ ఆల్బమ్ ఒకటి మా చేతికొచ్చింది. అందులో ఒక పాట, బిల్లీ జోయెల్ పియానో పాట బాణీలో, తిశ్రగతిలో, అదే స్పైడర్‌మ్యాన్ కథని మొదట్నుంచి చివరిదాకా చెబుతుంది. అన్నయ్య ప్లేయర్ ఆపేశాడు. నా మొహంలోకి చూసి, "విన్నావుటే? ఈయన మన పనే చేశాడు" అన్నాడు. మాకు ఒళ్లు పులకరించింది. మేం మంచం పక్కన కూర్చుని చేసినది ఒక కళ అనీ, దానికి జీవితమంతా ఇచ్చిన మనిషొకడు ఉన్నాడనీ ఆ రోజే తెలిసింది.

ఆయన గురించి రెండు ముక్కలు. ఏడో పుట్టినరోజుకి ఒకరోజు ముందు అకార్డియన్ పాఠాలు మొదలుపెట్టాడు. 1980లో డాక్టర్ డిమెంటో అనే ఆయన రేడియో కార్యక్రమంలో క్వీన్ బృందం పాటకి పేరడీ పాడాడు. డ్రమ్ములు లేవు. ఆ సాయంత్రమే పరిచయమైన జాన్ ష్వార్ట్జ్ అకార్డియన్ పెట్టె మీద కొట్టి తాళం వేశాడు. ఆ ష్వార్ట్జే తర్వాత ఆయన డ్రమ్మర్‌గా స్థిరపడిపోయాడు. పెట్టె మీద తాళం! మా అన్నయ్య కట్టు మీద తాళం గుర్తొచ్చి, ఆ సంగతి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ఆ ధైర్యంతోనే అన్నాచెల్లెళ్లం ఒక పాటల పోటీకి వెళ్లాం. ఎక్కడో చెప్పను, న్యాయనిర్ణేత ఎవరో చెప్పను. అన్నయ్య బల్ల మీద తాళం, నా గొంతు. మొదటి రెండు పాదాలు పూర్తయ్యాయి. గంట కొట్టారు. "ఇది పాట కాదమ్మా, వెళ్లి కూర్చో" అన్నారు. నా శ్రుతి తప్పలేదు. అన్నయ్య తాళం తప్పలేదు. హాల్లో జనం అప్పటికే నవ్వడం మొదలుపెట్టారు, అదే మా నేరం. ఇరవై ఏళ్లు దాటిపోయింది. ఆ గంట చప్పుడు మర్చిపోలేదు, మర్చిపోదలచుకోలేదు.

మా ఇద్దరికే జరిగిందా అంటే, కాదు. గ్రామీ అవార్డుల్లో 1994 నుంచి 2003 దాకా హాస్యానికిచ్చే బహుమతి మాటల ఆల్బమ్‌లకే. నవ్వించే పాటకి ఆ పదేళ్లూ అందులో చోటు లేదు. 2004లో తలుపు మళ్లీ తెరిచారు. తెరిచిన ఏడే గెలిచిన ఆల్బమ్ ఏదో తెలుసా? యాంకోవిక్ స్పైడర్‌మ్యాన్ పాట ఉన్న ఆ ఆల్బమే. ఆ వార్త వినగానే అన్నయ్యకి ఫోన్ చేశాను. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఇది పాట కాదన్నవాళ్లకి నా జవాబు వినండి. పేరడీ రాయడం అంటే ఏమిటి? బాణీ వేరొకరిది, ముట్టుకోకూడదు. గురువున్న చోట గురువే పడాలి, లఘువున్న చోట లఘువే పడాలి. మూల పాటలో ప్రాస ఎక్కడ మోగిందో ఇక్కడా అక్కడే మోగాలి. ఇన్ని కట్ల మధ్య అర్థం మారాలి, కథ నడవాలి, పైగా నవ్వు రావాలి. అవధానంలో సమస్యాపూరణానికి చప్పట్లు కొడతాం కదా. పాదం ఒకరిచ్చింది, పూరించేది ఇంకొకరు. ఇదీ ఆ జాతి విద్యే. మన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారిని పేరడీ శాస్త్రి అని లోకం ప్రేమగా పిలుచుకుంది. ఒక కవి గొంతులోని ఒడుపు పూర్తిగా చేతికొస్తే గానీ ఆ పని కుదరదు. లెక్కల మాస్టారు టామ్ లేరర్ 1959లో, అప్పటికి తెలిసిన మూలకాలు 102 పేర్లనీ ఒకే పాటలో, పాత ఆపెరా బాణీలో కూర్చాడు. ఒక్కసారి మీరు ఇరవై పేర్లు కూర్చి చూడండి. ఆ తర్వాత పాట కాదనండి, ఒప్పుకుంటాను.

దొంగతనం అంటారు ఇంకొందరు. ఆ మాటకీ జవాబుంది. మూల పాటని పేరడీ చేసి వ్యాఖ్యానించడానికి చట్టంలో చోటుందని అమెరికా సుప్రీంకోర్టు 1994లో ఏకగ్రీవంగా చెప్పింది. అయినా యాంకోవిక్ మూల రచయితని అడిగాకే పేరడీ చేస్తాడు. కాదంటే మానేస్తాడు. పాప్ గాయకుడు ప్రిన్స్ ఎప్పుడూ ఒప్పుకోలేదు, ఈయన ఎప్పుడూ చెయ్యలేదు. మైకేల్ జాక్సన్ రెండుసార్లు సరేనన్నాడు. నిర్వానా అనే రాక్ బృందం పాటకి, ఆ మాటలు ఎవరికీ అర్థం కావన్నదే పేరడీగా రాస్తానని వాళ్ల గాయకుడు కర్ట్ కోబేన్‌కే ఫోన్ చేసి చెబితే ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. ఇంత మర్యాద ఉన్న విద్యని దొంగతనం అనడం నాకు బాధగా ఉంటుంది.

సూపర్‌హీరో సినిమాని కూడా ఒకప్పుడు పిల్లల సరుకన్నారు, గుర్తుందా? 2009లో హీత్ లెడ్జర్‌కి బ్యాట్‌మ్యాన్ సినిమాలోని జోకర్ పాత్రకి ఆస్కార్ ఇచ్చారు, ఆయన పోయాక. బ్లాక్ పాంథర్ ఉత్తమ చిత్రం పోటీలో నిలబడింది, సంగీతంతో కలిపి మూడు ఆస్కార్లు తెచ్చుకుంది. ఆ బిడ్డకి పీట వేశారు. రెండో బిడ్డ ఇంకా గుమ్మంలోనే ఉంది. 2014లో యాంకోవిక్ ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానంలోకి వచ్చింది. హాస్య ఆల్బమ్‌కి ఆ స్థానం అంతకుముందు దక్కింది 1963లో. అర్ధ శతాబ్దం! 2021లో వాండావిజన్ అనే సూపర్‌హీరో టీవీ సిరీస్‌లో పక్కింటావిడ అసలు రంగు బయటపడే పాటకి టీవీ రంగంలో ఇచ్చే ఎమీ వచ్చింది. సూపర్‌హీరో కథలో నవ్వించే పాటకి వచ్చిన బహుమతి అది. ఆ రోజు నేను పాయసం వండినంత పనిచేశాను.

పిల్లలూ, మిమ్మల్నే అడుగుతున్నాను. సినిమా పాటకి సొంత మాటలు అల్లి క్లాసులో పాడినవాళ్లు చేతులెత్తండి. ఇంకా ఎత్తండి, భయం లేదు. అధ్యక్షా, చూశారా, సగం హాలు. వీళ్లెవరూ సాయంత్రం ఇక్కడ జరిగే పాటల పోటీకి పేరివ్వలేదు. ఎందుకంటే వరండాలో అంటించిన పట్టికలో శాస్త్రీయం ఉంది, లలితం ఉంది, సినిమా పాట ఉంది, వాద్యం ఉంది. పేరడీ లేదు. ఆ కాగితంలో అడుగున నాలుగు వేళ్ల ఖాళీ ఉంది, నేను చూశాను. ఒక్క పేరు రాయడానికి సరిపోతుంది. నా దగ్గర పెన్ను ఉంది, మీ అనుమతి కావాలి.

మీరు తలూపారు. చాలా సంతోషం. మొదటి పేరు మాదే రాసుకోండి, అన్నదీ చెల్లెలిదీ.

నాకింకా రెండు నిమిషాలుంది. అప్పట్లో గంట కొట్టి ఆపిన చోటునుంచే ఎత్తుకుంటాం, మూడో పాదం. అన్నయ్యా, లే, ఇలా రా. ఈ బల్ల బోలుగానే ఉంది, మోగుతుంది. తక తకిట, తక తకిట.

గోడెక్కి పోయాడు, గూడల్లి దూకాడు
పెద్నాన్న మాటొకటి మనసులో మోశాడు