గింజలో దాగిన పురుగు

శ్రోతలకు నమస్కారం.

వానలు మొదలైన కొన్నాళ్లకు బియ్యం డబ్బా మూత తీసేసరికి ముక్కు పురుగులు పాకుతూ కనిపిస్తే, అవి రాత్రికి రాత్రే ఎక్కడి నుంచో వచ్చి చేరాయని అనుకుంటాం. నిజానికి వాటిలో చాలా భాగం గింజల లోపల దాగి మన ఇంటికి వచ్చినవే. ఆడ పురుగు తన పొడవాటి ముక్కుతో గింజకు చిన్న రంధ్రం చేసి, అందులో ఒక గుడ్డు పెట్టి, పైన జిగురుతో పూడ్చేస్తుంది. పిల్ల పురుగు ఆ గింజనే తింటూ పెరిగి, మన వాతావరణంలో సుమారు నెల రోజులకు బయటపడుతుంది. అందువల్ల ఒకసారి చెరిగి పారబోసినంత మాత్రాన పని పూర్తి కాదు. కంటికి కనబడని తరం ఇంకా గింజల్లోనే ఉంటుంది కనుక, నెల పాటు వారానికొకసారి జల్లించి చూడవలసిందే. పాత బియ్యం అడుగున ఉండగా కొత్త బియ్యం పైన పోయకూడదనేది కూడా ఇందుకే. ఆరబోయడం నీడలోనే మంచిది, మండుటెండకు బియ్యం విరిగి నూక అవుతుంది.

పెసలు, అలసందలు, శనగలను పాడుచేసే పుచ్చు పురుగు తీరు వేరు. అది గుడ్లను గింజ పైనే అంటిస్తుంది. పోయిన శ్రావణంలో మా ఇంట్లో పెసలు చాటలో పోసి కిటికీ దగ్గర వెలుగులో చూస్తే, ఆకుపచ్చని గింజల మీద సున్నం చుక్కల వంటి తెల్లని మచ్చలు కనిపించాయి. అవి గుడ్లు. కొన్ని గింజలకు పక్కన గుండ్రని పలుచని పొర ఉంది. గోటితో నొక్కితే అది చిట్లి, లోపల గుల్లగా మిగిలిన గింజ బయటపడింది. ఈ పురుగు తరచుగా చేలో కాయ మీదనే మొదలవుతుంది. గింజలకు ఆముదం పట్టించే మన పెద్దల అలవాటు చాలా తెలివైనది. కిలోకు ఒక చెంచా చాలు, ఆ నూనె పొర గుడ్లకు గాలి అందనివ్వదు.

రవ్వ, మైదా వంటివి కొద్దిగానే కొని, తెచ్చిన వెంటనే నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే వాటిలోని గుడ్లూ పురుగులూ చస్తాయి. బయటికి తీసాక చల్లదనం పోయేవరకు మూత తెరవకండి, లేకుంటే చెమ్మ పట్టి ఉండకడుతుంది.

ఒక్క విషయం ప్రాధేయపడి చెబుతున్నాను. గోదాముల్లో ధాన్యానికి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలను ఇంట్లోని బియ్యంలో పెట్టవద్దు. తేమ తగలగానే అవి ఫాస్ఫీన్ అనే విషవాయువును వదులుతాయి, ఆ విషానికి విరుగుడు మందు లేదు. తలుపులు మూసుకొని అందరూ నిద్రపోయే ఇంట్లో ఒక్క మాత్ర కూడా ఉండకూడదు. ఇప్పటికే కొని ఉంటే, డబ్బా తెరవకుండా, తడి తగలనివ్వకుండా, పిల్లలకు అందకుండా ఇంటి బయట ఉంచి, వీలైనంత త్వరగా అమ్మినవారికే తిరిగి ఇచ్చేయండి.